గోడ మీద ఆరబోసిన వడ్లు

నాకొక జబ్బుంది. కంటికి ఏది కనిపించినా దాన్ని తీసుకెళ్లి గోడకు తగిలించాలనిపిస్తుంది. ఇడ్లీ రేకుల గుంటలు చూస్తే దీపాల గూడు గుర్తొస్తుంది. బస్తాల మూతి కుట్లు చూస్తే పరదా అంచు కళ్ల ముందు ఆడుతుంది. ఒకసారి దవాఖానలో మా ఆయన శశిధర్ చేతికి కట్టు కడుతుంటే, ఆ తెల్లగుడ్డ ఒక మడత మీద ఇంకో మడత పడే తీరు చూసి ముచ్చటేసి, “జర మెల్లగ కట్టు సిస్టర్” అన్నాను. ఆయన తన నొప్పి గురించే అన్నాననుకుని ఆ రోజంతా నా మీద ప్రేమగా ఉన్నాడు. నేనూ నిజం చెప్పలేదు.

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. మామయ్య పోయాక మిల్లు నడిపేది మా అత్తమ్మ పుష్పలత. మిల్లు వెనక పాత ఆఫీసు రూమ్ ఒకటి ఊరికే పడి ఉంటే రెండేళ్ల కింద ఆమెను అడిగి తీసుకున్నాను. తాళ్లు, రంగులు, చెక్కముక్కలు, పగిలిన గాజులు, నా లోకమంతా అందులోనే ఉంది. చేసినవాటిని చుట్టాలకు కానుకగా ఇచ్చేదాన్ని. వాళ్లు “మస్తుంది ఉషా” అని తీసుకుని బీరువా మీద పడేసేవాళ్లు.

ఈ ఏడు కొత్త ప్యాకింగ్ మిషన్ వస్తోందని, దానికి ఆ రూమే కావాలని అత్తమ్మ అన్నది. రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఆమే నా పక్కన కూర్చుని మాట తేల్చింది.

“సుట్టాలు మొహమాటానికి బాగుందంటరు. ముక్కూమొహం తెల్వనోళ్లు ఒక్కలు నీ పని మెచ్చి ఇంట్ల పెట్టుకోనీ, రూమ్ నీదే. మిషన్‌కు వేరే జాగ సూస్త. కార్తీక పున్నమి దాక టైమిస్తున్న. ఆ తర్వాత నన్ను అడగొద్దు.”

అత్తమ్మ మాటంటే మాటే. ఆమె తూకం తప్పిందని ఇంతవరకు ఒక్క రైతు అనలేదు.

అదృష్టం చూడండి, వారం తిరగకుండానే కోదాడ నుంచి వందన అనే ఆమె ఫోన్ చేసింది. కొత్త ఇల్లు కట్టుకున్నారట. హాల్లో పన్నెండు అడుగుల గోడ ఖాళీగా ఉందట. నా పేరు ఏదో పెళ్లిలో విన్నదట. “ఎక్కడా చూడనిది ఏదైనా చేసి పెట్టండి” అన్నది. ఆనందంతో నాకు కాళ్లు భూమ్మీద ఆగలేదు. ఫోన్‌లో ఒక వీడియో చూసి, పదిహేను రోజులు ముడుల మీద ముడులు వేసి, మధ్యలో నెలవంక, కింద చెక్కపూసలు వచ్చేలా పెద్ద తాళ్ల అల్లిక చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. సంచిలో పెట్టుకుని బస్సులో కోదాడ వెళ్లాను.

వందన దాన్ని విప్పి నేల మీద పరిచింది. మర్యాదస్తురాలు, ముందు కాఫీ ఇచ్చింది. తర్వాత ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

“ఏమనుకోకండి ఉషగారూ. ఇది సూర్యాపేటలో ఫర్నిచర్ షాపులో ఉంది. మా అక్క మొన్ననే కొనుక్కుంది.”

అదే నెలవంక. అవే పూసలు. చివరికి ఎడమ పక్కన నేను పొరపాటున వేశాననుకున్న వంకర ముడి కూడా అక్కడుంది. అంటే ఆ పొరపాటు కూడా నాది కాదన్నమాట.

“పౌర్ణమి రోజు ఇంట్లో వ్రతం చేసుకుంటున్నామండి. మా మామయ్యగారు కూడా ఊరి నుంచి వస్తారు. అప్పటికి మీకు కుదిరితే ఇంకోటి చెయ్యండి. కుదరకపోతే నేను ఏదో ఒక పెయింటింగ్ కొనుక్కుంటా, మీరేం బాధపడొద్దు” అన్నది వందన.

పౌర్ణమికి పన్నెండు రోజులున్నాయి. నేను తిన్నగా ఇంటికి పోకుండా సూర్యాపేట బస్సెక్కాను. ఎందుకంటే నాకు కోపమొస్తే, అది తెప్పించినదాని మొహం చూడందే తగ్గదు. షాపు వెతికి పట్టుకున్నాను. అద్దాల వెనక నా అల్లిక లాంటివి నాలుగు వేలాడుతున్నాయి. అక్కడి అమ్మాయిని అడిగితే, “వీడియో సూసి చేస్తరు మేడం, కావాలంటే లింక్ పంపిస్త” అన్నది. వీడియో మీద కోపమొచ్చింది. షాపు మీద వచ్చింది. కాఫీ ఇచ్చిన వందన మీద కూడా వచ్చింది. మిర్యాలగూడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, అసలు రావలసిన చోటికి, నా మీదకే వచ్చింది. రెండేళ్లు ఆ రూమ్‌లో కూర్చుని నేను చేసిందల్లా ఎవరి చేతిపనికో నకలు. అత్తమ్మ మిషనే నయం, కనీసం అది తన పని తాను చేస్తుంది.

మధ్యాహ్నం దాటింది. కోతలు జోరుగా సాగుతున్న రోజులు. రోడ్డులో సగం వడ్లే ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో బస్సు నత్తలా పాకుతోంది. డ్రైవర్ గొణుగుతున్నాడు. నేను ఏడుపు ఆపుకోవడానికి బయటికి చూస్తున్నాను.

అక్కడ ఒకామె వడ్లలో నడుస్తోంది.

చేతులు వెనక్కి కట్టుకుని, పాదం ఎత్తకుండా, వడ్లను చీల్చుకుంటూ పోతోంది. ఆమె వెనక రెండు సాళ్లు లేస్తున్నాయి. చివరి దాకా వెళ్లి తిరిగింది. మళ్లీ రెండు సాళ్లు, ముందు సాళ్లను ఆనుకుని, కానీ వాటి మీద పడకుండా. ఎండ ఏటవాలుగా పడుతోంది. ప్రతి గట్టుకూ ఒక పక్క బంగారం, ఒక పక్క నీడ. ఆ వంద గజాల రోడ్డు మీద గీతలన్నీ కలిసి వంపు తిరిగి, మైలురాయి దగ్గర విడిపోయి, మళ్లీ కలిశాయి. పుట్టినప్పటి నుంచి వడ్లు చూస్తున్నదాన్ని. మిల్లు ఇంట్లో పుట్టి మిల్లు ఇంటికే కోడలినయ్యాను. ఇది ఎప్పుడూ చూడలేదు.

“ఆపండి” అన్నాను లేచి.

“గీడ స్టేజి లేదమ్మా” అన్నది కండక్టరు.

“లేకపోయినా ఆపండి. నేను దిగాలె.”

నా మొహంలో ఏం చూసిందో, గొడవెందుకని బెల్లు కొట్టింది.

సంచి భుజాన వేసుకుని పరుగున వెళ్లాను. తొందరలో అంచున ఉన్న వడ్ల మీద కాలు పడింది. అలవాటు ప్రకారం వెంటనే వంగి, గింజలను తాకి కళ్లకద్దుకున్నాను. మా ఇళ్లలో గింజ తొక్కితే అంతే. మా అమ్మయితే ఒక్క బియ్యపు గింజ కాలికి తగిలినా చెంపలేసుకునేది.

వడ్లలో ఉన్నామె నవ్వింది. “ఏంది బిడ్డా, తొక్కినవని దండం పెట్టుకుంటున్నవా? నేను పొద్దటి సంది తొక్కుతనే ఉన్న.”

ఆమె పేరు సైదమ్మ. ఎందుకలా నడుస్తున్నావంటే విచిత్రంగా చూసి చెప్పింది. “మీదిది ఎండుతది, కిందిది పచ్చిగనే ఉంటది. కాలుతోటి సాలు తీస్తే కిందిది మీదికొస్తది. గంటకోపాలి నడవాలె.”

“చెక్కతోటి లాగొచ్చు కద.”

“లాగుతరు కొందరు. చెక్కకు ఏం తెలుస్తది? కాలుకైతే ఏడ పచ్చిగున్నదో, ఏడ ఎండిందో తెలుస్తది. పచ్చిగున్న కాడ జర ఒత్తి నడుస్త.”

నలభై ఫొటోలు తీశాను. మా మిల్లు ఎక్కడుందో చెప్పి, వడ్లు తెచ్చినప్పుడు నన్ను అడగమన్నాను. ఆమె కన్ను నా సంచి మీద పడింది. బయటికి వేలాడుతున్న తాళ్ల కొసలు చూసి, “అదేంది?” అన్నది.

“గోడకు కట్టేది.”

“బర్రెకు కట్టేదనుకున్న. గట్టి తాడు.”

పదిహేను రోజుల కష్టాన్ని తీసి ఆమె చేతిలో పెట్టేశాను. నిజం చెప్తున్నాను, ఇంత తేలిగ్గా నేను ఏదీ వదిలించుకోలేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆ సాయంత్రమే మూడు ప్లైవుడ్ షీట్లు తెప్పించాను. ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, మూడూ పక్కపక్కన నిలబెడితే పన్నెండు అడుగుల గోడ నిండుతుంది. మిల్లులో ఊకకేం కొదవ? జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఊక, జిగురు కలిపి ముద్ద చేశాను. ఆరితే అచ్చం ఎండిన వడ్ల రంగు వచ్చింది. శశిధర్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. “మట్టి” అన్నాడు. “వడ్లు” అన్నాను. “సరే, వడ్లు” అన్నాడు. పెళ్లయి పన్నెండేళ్లయింది, ఎప్పుడు ఒప్పుకోవాలో ఆయనకు తెలుసు.

కానీ సాళ్లు రాలేదు. వేళ్లతో తీశాను, పిల్లలు ఇసుకలో గీసినట్టు వచ్చింది. దువ్వెనతో తీశాను. టైల్స్ వేసేవాళ్ల పళ్ల తాపీ తెచ్చి దానితో తీశాను. గీతలు తిన్నగానే వచ్చాయి, ఇస్త్రీ మడతల్లాగా. చెరపడం, మళ్లీ పూయడం, మళ్లీ గీయడం. ఆరు రోజులు అలాగే పోయాయి. ఫొటోలు చూస్తే ఇప్పటికీ గుండె కొట్టుకుంటోంది, షీటు చూస్తే ఆగిపోతోంది.

ఏడో రోజు పొద్దున మిల్లు ముందు ట్రాక్టర్ల వరసలో సైదమ్మ వచ్చింది. సన్నవడ్లు కదా, మిర్యాలగూడకే తెస్తారు. బండి తూకానికి చాలా టైముందని నన్ను వెతుక్కుంటూ రూమ్‌కు వచ్చింది. అప్పుడే అత్తమ్మ కూడా టేపు పట్టుకుని వచ్చింది, మిషన్‌కు తలుపు వెడల్పు సరిపోతుందో లేదో కొలవడానికి.

సైదమ్మ షీటు చుట్టూ తిరిగింది. “గిది దువ్వినట్లున్నది. వడ్లు గిట్ల ఉండయి.”

“మరెట్ల తీయాలె?”

“కాలుతోటి తీసేదాన్ని చేతితోటి తీస్తే ఎట్లొస్తది?”

నాకు ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, వచ్చిన ప్రతిసారీ పక్కకు నెట్టాను. ఊక అంటే వడ్లలో భాగమే కదా, దాన్ని తొక్కడమా? తొక్కి, ఇంకొకరి హాల్లో, వ్రతం చేసుకునే చోట, నా పాదాల గుర్తులు గోడకు ఎక్కించడమా? పైగా అత్తమ్మ ముందు. మిల్లులో హమాలీల కాళ్ల కింద గింజలు పడితే చీపురు తెప్పించి ఊడిపించే మనిషి ఆమె. ఇప్పుడు తిడుతుందని తల వంచుకున్నాను.

అత్తమ్మ టేపు చుట్టి కుర్చీ మీద పెట్టింది.

“మా నాయిన మిల్లు త్రిపురారంల ఉండె” అన్నది. “అప్పుడు డ్రయ్యర్లు లెవ్వు. ఉడకబెట్టిన వడ్లు కల్లంల పోసి ఆరబెట్టేటోళ్లు. బడి నుంచి రాంగనే నేను గూడ కూలోళ్లతోటి నడిసేదాన్ని. మా నాయిన సూస్తే కొడతడని, ఆయన అన్నానికి పోయినంకనే దిగేదాన్ని. పెండ్లయినంక ఇగ లేదు.”

ఆమె నన్ను చూసి మొహం చిట్లించింది.

“సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్లు, మిల్లు ఇంట్ల పెట్టుకొని సూర్యాపేట దాక పోయినవ్. మట్టి పుయ్యి, ఎండిపోతది.”

మూడు షీట్లకూ కొత్తగా మట్టి పూసి నేల మీద పరిచాము. మొదటి దాని మీద సైదమ్మ నడిచింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది, రోడ్డు మీద చూసిందే నా రూమ్‌లో దిగింది. రెండోదాని మీద అత్తమ్మ. చీర కుచ్చిళ్లు దోపుకుని, చేతులు వెనక్కి కట్టుకుని దిగింది. మొదటి సాలు తడబడింది. రెండోది సర్దుకుంది. మూడో సాలుకు ఆమె మొహం మారిపోయింది, ఎక్కడో మనసులో ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఆమెను అలా నేను ఎప్పుడూ చూడలేదు.

మూడోది నాకు మిగిలింది. వంగి మట్టిని తాకి కళ్లకద్దుకుని కాలు పెట్టాను. చల్లగా ఉంది, ఊక అరికాళ్లకు గరగరమంటోంది. రెండు అడుగులు వేసేసరికి ఇది తప్పేమో, వందన వాళ్లకు తెలిస్తే ఏమంటారో అనిపించి ఆగిపోయాను.

“ఆగకు, గుంటవడతది” అన్నది సైదమ్మ.

అప్పటికే పడింది. మళ్లీ నడిచాను. తర్వాత ఏమైందో, భయం అడుగున ఎక్కడో మిగిలిపోయి, పైన ఉత్సాహం తేలింది. నాకు నవ్వొచ్చింది. చివరి సాలు దాకా నవ్వుతూనే ఉన్నాను. అయిపోయాక ఆ గుంట చూసి, చెరిపి మళ్లీ చేస్తానన్నాను. అత్తమ్మ వద్దన్నది. ఆరడానికే నాలుగు రోజులు పడుతుంది, ఇక టైమెక్కడిది?

కోదాడ బయల్దేరే ముందు మాత్రం అత్తమ్మ జాగ్రత్త చెప్పింది. “కాలుతోటి తీసినమని ఆడ జెప్పకు ఉషా. ఎవరి మనసు ఎట్లుంటదో.”

పౌర్ణమి రోజు తెల్లవారుతూనే డీసీఎం వ్యాన్‌లో కోదాడ వెళ్లాము, నేనూ ఒక వడ్రంగీ. హాలు మూలన పీట వేసి, వందన వ్రతానికి అన్నీ సర్దుతోంది. వడ్రంగి మూడు షీట్లూ బిగించేదాకా నేను గోడ వైపు చూడలేదు, వందన మొహం వైపే చూశాను. ఆమె దగ్గరికొచ్చి వేలితో ఒక గట్టు మీద రాసింది.

“ఏంటండీ ఇది? నీళ్లా, ఇసుకా? భలే ఉంది. దేంతో తీశారు?”

“చేత్తోనే” అన్నాను.

అప్పుడే వందన మామగారు రామలింగయ్యగారు లోపలికొచ్చారు. డెబ్బై దాటిన రైతు, నలభై ఎకరాల సేద్యం చేసిన మనిషి. గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఆ ట్యూబులైటు ఆర్పమ్మా. తూర్పు కిటికీ పరదా తియ్యి” అన్నారు.

వందన తీసింది. పొద్దుటి ఎండ పక్క నుంచి పడేసరికి గోడంతా లేచింది. సాళ్లన్నీ గట్లు కట్టాయి, ఒక పక్క బంగారం, ఒక పక్క నీడ. బస్సులోంచి చూసిన రోడ్డు నా కళ్ల ముందు నిలబడింది. ఏడుపొచ్చేంత సంతోషమేసింది. అంతలోనే ఆయన మాట వినపడింది.

“ఇయ్యి చేతి సాళ్లు కాదమ్మా.”

ఆయన కర్ర పొడుస్తూ మొదటి షీటు దగ్గరికి వెళ్లారు.

“ఈమె రోజూ పొలం పని చేసే మనిషి. పొద్దంతా నడిచినా అలసిపోదు. అడుగు చూడు, ఒక్కటే కొలత.” రెండోదాని దగ్గరికి జరిగారు. “ఈమెది బరువు మనిషి, మడమ దిగబడింది. చిన్నప్పుడెప్పుడో నేర్చిన కాలు. మర్చిపోయి, మళ్లీ గుర్తు తెచ్చుకుంది.” మూడోదాని ముందు చాలాసేపు నిలబడ్డారు. “ఈమె కొత్తది. భయపడుకుంటా దిగింది. ఇదిగో, ఇక్కడ ఆగింది. కానీ మళ్లీ నడిచింది. ఇక్కడి నుంచి చూడు, అడుగు ఎట్లా తేలిపోయిందో.”

వందన నా వైపు తిరిగింది.

“ఆ మూడోది నేనేనండి” అన్నాను. “చేత్తో అని అబద్ధం చెప్పాను. కాళ్లతోనే నడిచాము. మీకు పట్టింపు ఉంటే ఇప్పుడే విప్పించి తీసుకుపోతాను.”

రూమ్ పోయిందనుకున్నాను. అంతకన్నా ఎక్కువగా, ఈ గోడ పోతుందనుకున్నాను.

రామలింగయ్యగారు నన్ను చూసి కోడలితో అన్నారు. “వందనా, ఆ మూలన పీటెందుకు వేశావు? తీసుకొచ్చి ఈ గోడ ముందర వెయ్యి. నడిచినామె ఆకలి మీదుంటది, ప్రసాదం పెట్టకుండా పంపకు.”

వందన పీటకు ఒక చెయ్యి వేసింది, నేను ఇంకో చెయ్యి వేశాను. మోస్తూ మోస్తూనే నా చెవి దగ్గర మెల్లగా అన్నది, “మా అక్కకు ఫొటో పంపనండి. వచ్చి చూడాల్సిందే.”

ప్రసాదం తిని బయటికొచ్చి అత్తమ్మకు ఫోన్ చేశాను. ఒక్క ఊపిరిలో అంతా చెప్పాను. ఆమె విని, “సరే, మిషన్ పాత గోదాంల పెట్టిద్దాం. తాళంచెవి నీ దగ్గర్నే ఉండనీ” అన్నది. తర్వాత, “నా సాళ్లు సూసి ఏమన్నడు?” అని అడిగింది.

“చిన్నప్పుడు నేర్చిన కాలు అన్నడు అత్తమ్మా. ఎవరు నడిచిన్రో సాలు సూస్తే తెలుస్తదంట.”

ఫోన్‌లో మిల్లు చప్పుడు దూరమైంది, ఆమె బయటికి నడిచినట్టుంది.

“అయితే మా నాయినకు గూడ తెలిసే ఉంటది” అన్నది ఆమె. “రోజూ అన్నం తినొచ్చి కల్లం దిక్కు సూసేటోడు. ఒక్కనాడు గూడ ఏమనలే.”